సాలీడు దారం గట్టిదా? పట్టుపురుగు దారం గట్టిదా?

 

పోయిన శనివారం గదులు శుభ్రం చేసే వంతు మాది. నేను పొడుగు చీపురుతో మూలల్లో బూజు దులుపుతా ఉన్నాను. ఆరో తరగతి చెల్లెలు ఒకమ్మాయి, కుప్పం పక్క నుంచి వచ్చింది, చీపురుకు చుట్టుకున్న బూజును వేలితో లాగి చూసి "అక్కా, ఇది గూడా పట్టేనా? మా ఇంట్లో గూళ్ళ మీద ఉండే దారం మాదిరే ఉందే" అని అడిగింది. మేమందరం నవ్వినాము. నవ్వినాము గానీ జవాబు మాత్రం ఎవరికీ తెలియలేదు.

సోమవారం సైన్సు సారును అడిగితే "నవ్వాల్సిన ప్రశ్న కాదమ్మా, దాని మీద ప్రపంచమంతా పరిశోధన చేస్తున్నారు. అదీ పట్టే, ఇదీ పట్టే" అన్నారు. సారు చెప్పింది, లైబ్రరీలో చదివింది, మా ఇంట్లో చూసింది కలిపి నాకు అర్థమైనంత వరకు ఈ వ్యాసంలో రాస్తున్నాను. తప్పులుంటే పెద్దలు దిద్దగలరు.

మా ఇంటి పురుగు

మాది మదనపల్లెకు, పుంగనూరుకు నడుమ ఒక తాండా. మా తాండాలో అమ్మను యాడి అంటాము, నాయనను బా అంటాము. మా యాడి, బా బడికి పోలేదు. మా ఇంట్లో పలక పట్టిన మొదటిదాన్ని నేనే. మాకు సొంత తోట లేదు. మల్బరీ తోట, పురుగుల ఇల్లు ఒక రైతువి. చాకిరి మాది. వచ్చిన డబ్బులో సగం సగం. పంట లేని రోజుల్లో యాడి దారం తీసే రీలింగు పనికి కూలికి పోతుంది.

పట్టుపురుగు గుడ్డులో నుంచి వచ్చినప్పుడు చీమంత ఉంటుంది. 24 నుంచి 28 రోజుల్లో దాని బరువు సుమారు 10,000 రెట్లు పెరుగుతుంది. ఈ మధ్యలో నాలుగు సార్లు తినడం మాని, తల పైకెత్తి, కదలకుండా ఉంటుంది. మన పక్క దీన్ని జ్వరం అంటారు. ఒకటో జ్వరం, రెండో జ్వరం అని లెక్క పెడతారు. నిజానికి అది జ్వరం కాదు. చర్మం బిగుతైపోయి పాము కుబుసం విడిచినట్టు విడుస్తుంది. అంతే.

నాలుగో జ్వరం లేచినాక అసలు పని మొదలవుతుంది. పురుగు తన బతుకు మొత్తంలో తినే ఆకులో నూటికి 80 పాళ్ళకు పైగా ఈ చివరి వారంలోనే తింటుంది. రాత్రి పురుగుల ఇంట్లో పడుకుంటే బయట వాన పడినట్టు శబ్దం వస్తుంది. అది వాన కాదు, వేల పురుగులు ఆకు తినే శబ్దం. పగలూ రాత్రీ ఆకు కోయాలి, వేయాలి, కసువు తీయాలి. ఇద్దరు మనుషులు చాలరు. మనలో కొంత మంది ఆ వారం పది రోజులు బడి మాని ఇంటికి పోయేది అందుకే.

తర్వాత పురుగు తినడం ఆపేస్తుంది. ఒళ్ళు పసుపు రంగు తిరిగి, వెలుతురుకు పెట్టి చూస్తే లోపలి దాకా కనిపిస్తుంది. దాన్ని పండిన పురుగు అంటారు. మా యాడి ఒక చూపులోనే పండినదేదో, పండనిదేదో ఏరుతుంది. పండిన పురుగును చంద్రిక మీద వేస్తే, నోటి కింద ఉన్న చిన్న రంధ్రం నుంచి దారం వదులుతా, తలను 8 అంకె మాదిరి తిప్పుతా, రెండు మూడు రోజుల్లో గూడు కట్టేస్తుంది. మంచి జాతి గూడు ఒక్కదానిలో ఒకే దారం 1000 మీటర్ల దాకా ఉంటుంది. మన గ్రౌండు చుట్టూ ఒక చుట్టు 200 మీటర్లు అనుకుంటే అయిదు చుట్లు!

లోపల పురుగు చిలుకై బయటికి వస్తే గూటికి బొక్క పడి దారం తెగిపోతుంది. అందుకని అంతకు ముందే గూళ్ళను ఆవిరికో వేడికో పెట్టి లోపలి జీవిని చంపుతారు. ఆ గూళ్ళను వేడి నీళ్ళలో వేస్తే పైనున్న జిగురు మెత్తబడి దారం కొస దొరుకుతుంది. ఆ జిగురు పేరు సెరిసిన్. లోపలి అసలు దారం పేరు ఫైబ్రోయిన్. రెండూ ప్రొటీన్లే, అంటే మన గుడ్డులో, పప్పులో ఉండే జాతి పదార్థమే. యాడి వేళ్ళు వేడి నీళ్ళలో నాని నాని తెల్లగా పాలిపోయి, చర్మం లేచి ఉంటాయి. ఇట్లా తీసిన దారమే మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె మగ్గాల మీద చీర అవుతుంది.

మరి సాలీడు?

శ్రీకాళహస్తి పేరు మనకందరికీ తెలుసు. శ్రీ అంటే సాలీడు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. సాలీడు శివుడికి తన దారంతోనే నీడ అల్లి పూజ చేసిందని కథ. కథ సంగతి అట్లుంచి సైన్సు చూద్దాం.

సాలీడు పురుగు జాతి కాదు. పురుగులకు పెద్దయినాక ఆరు కాళ్ళు, సాలీడుకు ఎనిమిది. పట్టుపురుగు నోటి దగ్గర నుంచి దారం తీస్తుంది, సాలీడు పొట్ట చివర నుంచి తీస్తుంది. పట్టుపురుగు బతుకులో గూడు ఒక్కసారే కడుతుంది, సాలీడు బతికినన్ని రోజులూ దారం తీస్తూనే ఉంటుంది. పట్టుపురుగుది ఒకే రకం దారం. సాలీడుకు ఎన్నో రకాల దారాలు. వేలాడేదానికి ఒకటి, ఈగ అతుక్కునేదానికి జిగురు దారం ఒకటి, ఈగను చుట్టేదానికి ఒకటి, గుడ్ల సంచికి ఒకటి. కొన్ని సాలీళ్ళు పాతబడిన వలను తామే తినేసి, ఆ ప్రొటీన్‌తోనే మళ్ళీ కొత్త వల కడతాయి. మనం దులిపేస్తే మాత్రం పాపం, మొదటి నుంచి మొదలు పెట్టాలి.

అన్ని సాలీళ్ళకూ దారం ఉంటుంది గానీ అన్నీ వల కట్టవు. మన రాయలసీమలోని గుత్తిలో దొరికిన నీలం రంగు పెద్ద సాలీడు గురించి 1899లో సైన్సు పుస్తకాల్లోకి ఎక్కింది. అది చెట్టు తొర్రల్లో ఉంటుంది.

ఎవరి దారం గట్టిది?

సాలీడు దారమే గట్టిది. సాలీడు వేలాడే దారం మన వెంట్రుక కన్నా పదింతలకు పైగా సన్నం. అయినా అంతే లావు ఉక్కు తీగతో పోటీ పడుతుంది. ఉక్కు చాలా బరువు కదా. అదే బరువు ఉక్కు, అదే బరువు సాలీడు దారం తీసుకుని చూస్తే సాలీడు దారం అయిదింతలు గట్టిదని లెక్క. పట్టుపురుగు దారం బలం సాలీడు దారం బలంలో సుమారు సగం. ఇంకొక సంగతి, ఉక్కు తీగ కొంచెమే సాగి తెగిపోతుంది. సాలీడు దారం తన పొడవులో మూడో వంతు దాకా సాగి, వచ్చి పడిన ఈగ వేగాన్ని మింగేసి, తెగకుండా నిలబడుతుంది.

అది ఎట్లా సాధ్యం? సారు చెప్పినప్పుడు నాకు మా అవ్వ పేటియా గుర్తుకు వచ్చింది. మా తాండా లంగా మీద చిన్న చిన్న అద్దాలు కుట్టి ఉంటాయి. అద్దం గట్టిది, వంగదు. గుడ్డ మెత్తనిది, ఎట్లంటే అట్ల వంగుతుంది. రెండూ కలిసే లంగా. సాలీడు దారం లోపల గూడా అట్లే, ప్రొటీన్ ముడతలు పడి గట్టి బిళ్ళల మాదిరి కొంత, వాటి మధ్య చుట్టలు చుట్టుకుని సాగే భాగం కొంత ఉంటాయి. బిళ్ళలు బలాన్ని ఇస్తాయి, చుట్టలు సాగుడును ఇస్తాయి. పొట్టలో ఉన్నప్పుడు అదంతా ఉత్త చిక్కని ద్రవం. బయటికి లాగేటప్పుడే దారంగా మారుతుంది. ఇట్లా తయారు చేయడానికి సాలీడుకు పొయ్యి వద్దు, ఆసిడ్ వద్దు. ఉక్కు చేయాలంటే 1500 డిగ్రీల వేడి కావాలి. సాలీడు మన గది మూలలో మామూలు గాలిలో చేసేస్తుంది.

అయితే సాలీళ్ళను ఎందుకు పెంచరు?

నాకు వచ్చిన ప్రశ్న ఇదే. గట్టి దారం ఇచ్చేదాన్ని వదిలి, సగం బలం ఉన్నదాన్ని ఎందుకు పెంచుతున్నాం?

ఈ ప్రశ్న 300 ఏళ్ళ కిందటే ఫ్రాన్సు దేశంలో వచ్చింది. 1709 ప్రాంతంలో బాన్ అనే ఆయన సాలీళ్ళ గుడ్ల సంచుల దారంతో మేజోళ్ళు, చేతి తొడుగులు చేయించి చూపించాడు. అందరూ ఆశ్చర్యపోయారు. అప్పుడు రియోమర్ అనే శాస్త్రవేత్తను పరీక్షించమన్నారు. ఆయన సాలీళ్ళను ఒకే తావ ఉంచి పెంచి చూశాడు. అవి ఒకదాన్నొకటి తినేశాయి! పట్టుపురుగు ఆకు తింటుంది, పక్కదాని జోలికి పోదు, ఒక తట్టలో వేల పురుగులు కలిసి ఉంటాయి. సాలీడు వేటగాడు. ఒక్కొక్క దానికి ఒక్కొక్క గది, తినడానికి బతికున్న ఈగలు కావాలి. ఎవరి వల్ల అవుతుంది?

అయినా పట్టు వదలని వాళ్ళున్నారు. ఆఫ్రికా పక్కన మడగాస్కర్ అనే దీవి ఉంది. అక్కడ సైమన్ పీర్స్, నికొలస్ గాడ్లే అనే ఇద్దరు, 10 లక్షలకు పైగా బంగారు రంగు సాలీళ్ళ నుంచి దారం లాగించి, 11 అడుగుల పొడుగు గుడ్డ ఒకటి నేయించారు. దానికి నాలుగేళ్ళు పట్టింది. రోజూ మనుషులు పోయి సాలీళ్ళను పట్టుకొచ్చి, దారం లాగి, మళ్ళీ వదిలిపెట్టేవాళ్ళు. 2009లో ఆ గుడ్డను న్యూయార్కు మ్యూజియంలో పెట్టారు. రంగు వేయకుండానే అది బంగారు రంగులో ఉంటుంది. 10 లక్షలకు పైగా సాలీళ్ళకు ఒక గుడ్డ! దాన్ని బట్టి సాలీడు పట్టు బజారులోకి ఎందుకు రాలేదో తెలుస్తుంది.

సైన్సు వాళ్ళు చేసిన పని

మన మెస్సు గోడ మీద ఏ రోజు ఏ వంట అని రాసి ఉంటుంది కదా. వంటమ్మ దాని ప్రకారమే చేస్తుంది. ప్రతి జీవి ఒంట్లో గూడా అట్లాంటి రాత ఉంటుంది. దాన్ని జన్యువు అంటారు. సాలీడు దారం వండే రాతలో మొదటి ముక్కను 1990లో అమెరికాలో లూయిస్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటి వాళ్ళు చదవగలిగారు. ఆ రాతను తీసి ఇంకొక జీవికి ఇస్తే, ఆ జీవే సాలీడు ప్రొటీన్ చేసి పెడుతుందని ఆలోచన.

కెనడాలో మేకలకు ఇచ్చారు. 2002 నాటికి ఆ ప్రయత్నం లోకమంతా తెలిసింది. మేక పాలల్లో సాలీడు ప్రొటీన్ వచ్చింది! నవ్వకండి, నిజం. కానీ పాలలో ప్రొటీన్ వస్తే చాలదు, దాన్ని దారంగా లాగాలి. సాలీడు పొట్ట చేసే పనిని మిషను అంత బాగా చేయలేకపోయింది. బాక్టీరియాతో గూడా చేయించారు. జపానులో 2019లో సాలీడు పట్టును చూసి తయారు చేసిన ప్రొటీన్‌తో చలి కోట్లు కొన్ని కుట్టి అమ్మారు. అవి శానా ఖరీదు.

అప్పుడు కొందరికి తట్టింది. ప్రొటీన్‌ను దారంగా లాగడం పుట్టుకతోనే వచ్చిన జీవి ఒకటి మన దగ్గరే ఉంది కదా, వేల ఏళ్ళుగా మనుషులతో కలిసి బతకడం నేర్చుకుంది కదా అని. అదే మన పట్టుపురుగు. 2023లో చైనాలో దోంగ్‌హువా విశ్వవిద్యాలయం వాళ్ళు పట్టుపురుగులో సాలీడు జన్యువును పెట్టి పూర్తి సాలీడు ప్రొటీన్ దారం తీశారు. తుపాకీ గుండు ఆగే చొక్కాలకు వాడే కెవ్లార్ అనే నార కన్నా అది ఆరు రెట్లు ఎక్కువ దెబ్బను ఓర్చుకుంటుందని రాశారు.

మన దగ్గర జరిగిన పని

ఇట్లాంటి పని మన దగ్గర గూడా జరిగింది. అది సాలీడు దారం కోసం కాదు, పాలురోగం కోసం.

పాలురోగం అంటే పట్టు పెంచే ఇళ్ళ పిల్లలకు చెప్పనక్కర లేదు. పురుగు ఒళ్ళు ఉబ్బి, నిలకడ లేకుండా తిరిగి, చర్మం పగిలి పాల మాదిరి నీళ్ళు కారి చచ్చిపోతుంది. అది ఒక వైరస్ వల్ల వస్తుంది. ఆ నీళ్ళు పడిన ఆకు తింటే పక్క పురుగుకూ వస్తుంది. ఒకసారి తగిలిన పురుగుకు మందు లేదు. ముందే బ్లీచింగు, సున్నంతో ఇల్లు, తట్టలు శుభ్రం చేసుకోవడమే దారి.

పోయిన ఏడు మాకు ఆ రోగం తగిలింది. నాలుగో జ్వరం లేచి మూడు రోజులు. ఇంక నాలుగైదు రోజుల్లో పండుతాయి అనగా. మా బా గుంత తీసి, పురుగులన్నిటినీ తట్టలతో ఎత్తి అందులో పోసి సున్నం చల్లినాడు. ఆ రాత్రి వాన శబ్దం లేదు. నన్ను తిరిగి హాస్టలుకు పంపేదా, కూలికి పంపేదా అని ఇంట్లో రెండు రోజులు మాట్లాడుకున్నారు. యాడి పంపాల్సిందే అన్నది. అందుకే ఈ రోజు ఇది రాస్తున్నాను.

హైదరాబాదులో సి.డి.ఎఫ్.డి. అనే పరిశోధన సంస్థలో డాక్టర్ జె. నాగరాజు గారు అని పట్టుపురుగుల శాస్త్రవేత్త ఉండేవారు. ఆయన, ఆయన శిష్యులు, హిందూపురం దగ్గర కిరికెరలో ఉన్న మన రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థ వాళ్ళతో కలిసి, ఆ వైరస్‌కు ముఖ్యమైన కొన్ని జన్యువుల నోరు మూయించే రాతను పట్టుపురుగుకే ఇచ్చారు. అట్లాంటి పురుగులు మామూలు పురుగుల కన్నా రోగానికి బాగా తట్టుకున్నాయి. ఆ పరిశోధన 2013లో అచ్చయింది. నాగరాజు గారు 2012 చివరలో చనిపోయారు. జన్యువు మార్చిన దేన్నయినా రైతుకు ఇవ్వాలంటే మన దేశంలో ఎన్నో పరీక్షలు, ప్రభుత్వ అనుమతి కావాలి. పరిశోధనశాల నుంచి పురుగుల ఇంటికి దారి పొడుగే. కానీ దారి మొదలైంది మన హిందూపురం, హైదరాబాదుల్లో అని తెలిసి నాకు సంతోషమైంది.

దేనికి పనికి వస్తుంది?

పట్టు దారంతో డాక్టర్లు గాయాలకు కుట్లు వేయడం పాత కాలం నుంచి ఉంది. సాలీడు దారం ఒంట్లో పెడితే ఒళ్ళు దాన్ని శత్రువుగా చూడటం తక్కువ. జర్మనీలో హానోవర్ వైద్య విశ్వవిద్యాలయం వాళ్ళు 2011లో గొర్రెల కాలిలో తెగిన నరం మళ్ళీ పెరగడానికి సాలీడు దారాన్ని నిచ్చెన మాదిరి వాడి చూపించారు. వెనకటికి టెలిస్కోపుల అద్దాల్లో గురి చూసే సన్నని గీతలకు సాలీడు దారమే వాడేవాళ్ళు. రేపు తాళ్ళకు, పారాచూట్లకు, గుండు ఆగే చొక్కాలకు వాడాలని చూస్తున్నారు.

ఒక హెచ్చరిక. కొడవలి తెగితే మా అవ్వ బూజు తెచ్చి గాయం మీద అద్దేది. మీ ఇళ్ళలోనూ చేసి ఉంటారు. డాక్టర్లు వాడేది శుభ్రం చేసిన దారం. మూలలో బూజులో దుమ్ము, క్రిములు ఉంటాయి. గాయం చీము పడుతుంది. అట్లా చేయకండి. నీళ్ళతో కడిగి హాస్టలు నర్సమ్మ దగ్గరకు పోండి.

యాడి అడిగిన మాట

ఇదంతా ఆదివారం ఫోనులో యాడికి చెప్పినాను. చైనాలో పట్టుపురుగే సాలీడు దారం ఇస్తుందంట అన్నాను. మనసులో నాకు భయం గూడా ఉంది. గట్టి దారం వస్తే మన పట్టును ఎవరు కొంటారు, యాడికి కూలి ఎవరు ఇస్తారు అని. యాడి కాసేపు ఆగి మా భాషలో అడిగింది. తెలుగులో రాస్తున్నాను.

"ఆ పురుగు గూడా మల్బరాకే తింటుందా?"

"తింటుంది."

"జ్వరాలు గూడా నాలుగేనా?"

"నాలుగే."

"అయితే దానికి గూడా రాత్రి లేచి ఆకు వేసే మనిషి కావాల కదా" అన్నది.

సారుకు చెప్తే "మీ అమ్మ సరైన చోట పట్టుకుంది" అన్నారు. మేకతో, బాక్టీరియాతో, మిషనుతో తిరిగి తిరిగి సైన్సు వచ్చి ఆగింది పట్టుపురుగు దగ్గరే. పట్టుపురుగు సంగతి తెలిసింది పరిశోధనశాల వాళ్ళకే కాదు, పండిన పురుగును చూపుతోనే గుర్తుపట్టే వాళ్ళకు గూడా. ఆ కూలి మాత్రం ఎక్కువ కావాలి, ఆ వేళ్ళు కాలకుండా ఉండాలి. చదువుకుని మనం చేయాల్సింది అదని నాకు అనిపిస్తోంది.

రెండు మనవులు

మొదటిది. వార్డెన్ మేడం గారూ, గదుల్లో బూజు దులపడం మంచిదే. కానీ బయట ట్యూబులైటు పక్కన ఉన్న వల ఒక్కటి మాత్రం వదిలిపెట్టనివ్వండి. అది రాత్రిపూట దోమల్ని, పురుగుల్ని పడుతుంది. చిన్న తరగతుల పిల్లలు చూసి నేర్చుకుంటారు.

రెండోది. నాలుగో జ్వరం లేచిన వారంలో ఇంటికి పోయే అమ్మాయిలున్నారు. వాళ్ళు పోయేది సోమరితనంతో కాదు, పైన రాసిన లెక్క వల్ల. మా తాండాలో నా ఈడు పిల్ల ఒకతి అట్లా పది రోజులకని పోయి, పాఠాలు అందక, సిగ్గుపడి మళ్ళీ రాలేదు. పోయిన వాళ్ళ నోట్సు పక్క మంచం వాళ్ళు రాసి పెడదాం. తిరిగి వచ్చినాక వాళ్ళను వెనక బెంచీకి పంపకుండా ఉంటే చాలు.

కుప్పం చెల్లెలా, నీ ప్రశ్నకు జవాబు ఇది. అది గూడా పట్టే. నవ్వినందుకు ఏమనుకోవద్దు. మీ ఊళ్ళల్లో సాలీడు గురించి, పట్టు గురించి ఏమైనా చూసినా, విన్నా, మామిడిచెట్టు పక్క గోడకున్న పెట్టెలో రాసి వేయండి. వచ్చే నెల గోడపత్రికలో పెడదాం.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని